క్యాష్‌బ్యాక్ కార్డు లెక్క మీ స్టేట్‌మెంట్‌లోనే ఉంది

అందరికీ నమస్కారం.

ఈ రోజు వచ్చేటప్పుడు గత మూడు నెలల కార్డు స్టేట్‌మెంట్లు తెచ్చుకోమని చెప్పాం. కార్డు లేనివాళ్లను ఇంటి ఖర్చులు రాసుకున్న పుస్తకం తెమ్మన్నాం. చాలామంది చేతుల్లో కాగితాలు కనిపిస్తున్నాయి, సంతోషం. కాసేపు వాటిని పక్కన పెట్టుకోండి. చివర్లో వాటితోనే పని.

ఏడాది ఫీజు లేని క్యాష్‌బ్యాక్ కార్డు, అంటే మనం ఖర్చు పెట్టినదాంట్లో కొంత శాతం వెనక్కి ఇచ్చే క్రెడిట్ కార్డు, తీసుకోమంటారా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. వెంటనే వాళ్లను నేను ఒకటే అడుగుతాను: నెల నెలా బిల్లు మొత్తం, పైసా మిగలకుండా, గడువులోపల కట్టే అలవాటు మీకుందా? ఉంటేనే మిగతా సంగతులు మాట్లాడుకుందాం. లేకపోతే ఎంత మంచి కార్డైనా వద్దనే చెబుతాను. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో మా చెల్లెలి బిల్లు చూస్తే మీకే అర్థమవుతుంది.

దాని కార్డుకి ఒక నెల 20,000 బిల్లు వచ్చింది. చేతిలో కాస్త ఇబ్బందిగా ఉండి 19,000 కట్టింది. మిగిలిన వెయ్యి వచ్చే నెల కట్టేద్దాంలే అనుకుంది. తర్వాతి స్టేట్‌మెంట్ రాగానే ఫోన్ చేసి, "అక్కా, వెయ్యి బాకీకి ఇంచుమించు ఏడు వందలు వడ్డీ వేశారు, ఏదో పొరపాటు జరిగినట్టుంది" అంది. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. పొరపాటేమీ లేదు. కొన్నవాటి మీద వడ్డీ లేకుండా దొరికే ఆ కొన్ని రోజుల గడువు, బిల్లు మొత్తం కట్టినవాళ్లకే. కొంత మిగిల్చామంటే, చాలా కార్డుల నిబంధనల ప్రకారం, మిగిలిన వెయ్యికి కాకుండా మొత్తం 20,000కి, అదీ కొన్న రోజు నుంచే వడ్డీ లెక్కిస్తారు. ఏడాదికి 36 శాతం వడ్డీ అంటే 20,000 మీద రోజుకి 19 రూపాయల 73 పైసల చొప్పున పడుతుందన్నమాట. కొన్న రోజు నుంచి కట్టిన రోజు దాకా సగటున 35 రోజులు అనుకోండి, 690 అయింది. అదే బిల్లు మీద ఒక శాతం చొప్పున దానికి వచ్చిన క్యాష్‌బ్యాక్ 200. అంతటితో ఆగలేదు. పాత బాకీ ఉంది కాబట్టి ఆ తర్వాత కొన్న వస్తువులకి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలైంది. ఆరు నెలల పాటు జాగ్రత్తగా కూడబెట్టిన క్యాష్‌బ్యాక్ రెండు బిల్లుల్లో పోయింది.

అందుకే కార్డు చేతికి రాగానే మొదట చేయాల్సిన పని ఆటో పే పెట్టుకోవడం, అంటే గడువుకి బిల్లు మన ఖాతాలోంచి దానంతటదే కట్టేసేలా ఏర్పాటు చేసుకోవడం. అక్కడ "మినిమం డ్యూ" (కనీసం కట్టాల్సింది) అని ఒకటి, "టోటల్ డ్యూ" (బిల్లు మొత్తం) అని ఒకటి కనిపిస్తాయి. టోటల్ డ్యూకే పెట్టండి. మినిమం కడితే ఆలస్య రుసుము తప్పుతుందే గానీ వడ్డీ తప్పదు.

అసలు బ్యాంకు మనకు ఎదురు డబ్బెందుకిస్తుంది? మనం కార్డు గీకిన ప్రతిసారీ షాపువాళ్ల బ్యాంకు నుంచి మన కార్డు ఇచ్చిన బ్యాంకుకి కొంత శాతం వెళ్తుంది. దాన్ని ఇంటర్‌చేంజ్ అంటారు. అందులోంచే మనకు కొంత వెనక్కి ఇస్తారు. అమెరికాలో సియర్స్ సంస్థ 1986లో డిస్కవర్ కార్డుని తెచ్చినప్పుడు ఏడాది ఫీజు లేకపోవడం, ఖర్చులో కొంత డబ్బుగా తిరిగి రావడం, ఈ రెండిటినే ముందుపెట్టి అమ్మింది. యూరోపియన్ యూనియన్ 2015లో చేసిన చట్టంతో మామూలు వినియోగదారుల క్రెడిట్ కార్డుల మీద ఈ ఇంటర్‌చేంజ్ 0.3 శాతం దాటకూడదు. అంత తక్కువలోంచి ఒకటిన్నర శాతం వెనక్కి ఇవ్వడం ఎవరివల్లా కాదు. కాబట్టి ఎక్కడైనా ఫీజు లేని కార్డు మీద మరీ పెద్ద శాతం కనిపిస్తే, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోందని ఒకసారి ఆలోచించండి. వడ్డీలు, ఆలస్య రుసుములు కట్టేవాళ్ల దగ్గర్నుంచి కొంత వస్తుంది. లేదా ఆ శాతానికి ఏదో ఒక పరిమితి ఉంటుంది.

ఆ పరిమితుల సంగతికి వద్దాం. రెండు కార్డులు ఉన్నాయనుకోండి. రెండిటికీ ఫీజు లేదు. మొదటిది ఏం కొన్నా ఒకటిన్నర శాతం ఇస్తుంది. రెండోది ఇంటి సరుకుల మీద 5 శాతం, మిగతావాటి మీద ఒక శాతం ఇస్తుంది. ప్రకటన చూస్తే ఎవరైనా రెండోదే తీసుకుంటారు. మీ నెల ఖర్చు 30,000. అందులో సరుకులు 8,000. దాని మీద 5 శాతం అంటే 400 రావాలి. కానీ ఆ కార్డు ఈ కేటగిరీలో నెలకి 300కి మించి ఇవ్వదు. ఇంకో 6,000 అద్దెకి, వాలెట్‌లో వేసుకోవడానికి, పన్నులకి పోయింది. వీటి మీద ఏమీ రాదని నిబంధనల్లో ఉంది. మిగిలిన 16,000కి ఒక శాతం, 160. మొత్తం 460. ముప్పై వేల మీద చూస్తే 1.53 శాతం. మొదటి కార్డు ఏ మినహాయింపులూ లేకుండా అన్నిటికీ ఇస్తే 450 వచ్చేది. అంత పెద్ద అక్షరాలతో రాసిన 5 శాతానికీ, ఒకటిన్నర శాతానికీ మీ ఇంట్లో నెలకి పది రూపాయలే తేడా. మొదటి కార్డుకి కూడా అవే మినహాయింపులుంటే దానికి 360 వస్తుంది. అప్పుడు రెండోదే మేలు. అందుకే ఏ కార్డు మంచిదో గాలిలో చెప్పలేం.

ఇందులో ఇంకో మెలిక ఉంది. నేను స్వయంగా పడిన ఇబ్బంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కార్డులు తీసుకునే ప్రతి షాపుకీ నాలుగంకెల కోడ్ ఒకటి ఉంటుంది. మర్చంట్ కేటగిరీ కోడ్ అంటారు. మనం ఏం కొన్నామో బ్యాంకుకి తెలియదు, ఆ కోడ్ మాత్రమే తెలుస్తుంది. కిరాణా షాపులకి, సూపర్ మార్కెట్లకి 5411. డిపార్ట్‌మెంట్ స్టోర్లకి 5311. మందుల షాపులకి 5912. నేను ప్రతి నెలా సరుకులు కొనే షాపులో బట్టలు, గిన్నెలు కూడా అమ్ముతారు. బియ్యం, పప్పు, నూనె తప్ప నేను అక్కడ ఇంకేమీ కొనలేదు. అయినా మూడు నెలలు గడిచాక చూసుకుంటే 5 శాతం ఎక్కడా పడలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి రసీదులు పంపిస్తానన్నాను. రసీదులతో పనిలేదు, ఆ షాపు 5311 కింద నమోదైంది అన్నారు. ఇందాకటి లెక్కలో ఇదే పెట్టి చూడండి. 8,000 మీద 300 రావాల్సింది 80 అవుతుంది. మొత్తం 240. అంటే 0.8 శాతం. ఒక్క కోడ్ తేడాతో సగానికి పడిపోయింది. అప్పటి నుంచి కొత్త కార్డు వస్తే నేను చేసేది ఒకటే. రోజూ వెళ్లే షాపుల్లో ఒక్కొక్క చిన్న బిల్లు కట్టి, క్యాష్‌బ్యాక్ ఎంత పడిందో చూసుకున్నాకే పెద్ద బిల్లులు దాని మీద వేస్తాను.

ఫీజు లేదు అన్న మాటని కూడా చివరిదాకా చదవండి. ఎప్పటికీ లేదా, మొదటి ఏడాదికే లేదా, ఏడాదికి ఇంత ఖర్చు పెడితేనే మాఫీ చేస్తారా? మాఫీ కోసం అక్కర్లేనివి కొంటే అదీ ఫీజే. అలాగని ఫీజు ఉన్న కార్డు ప్రతిదీ దండగ అని నేననను. 1,000 ఫీజు తీసుకునే కార్డు అర శాతం ఎక్కువ ఇస్తే, ఏడాదికి 2 లక్షలు దాటి ఖర్చు పెట్టేవాళ్లకి అది లాభమే. అంత ఖర్చు లేనివాళ్లకి ఫీజు లేనిదే నయం.

ఏటీఎంలో క్రెడిట్ కార్డు పెట్టి డబ్బు తీయకండి. దానికి రుసుము వేరు, వడ్డీ ఆ రోజు నుంచే. విదేశీ కరెన్సీలో కొనేటప్పుడు పడే అదనపు రుసుము, వచ్చే క్యాష్‌బ్యాక్ కన్నా ఎక్కువుండొచ్చు. క్యాష్‌బ్యాక్ బిల్లులోనే తగ్గుతుందా, పాయింట్లుగా వస్తుందా, ఇంత జమ అయితేగానీ ఇవ్వమంటారా, గడువు తేదీ ఉందా చూసుకోండి. నేనైతే అడగకుండానే బిల్లులో తగ్గించే కార్డుకే ఓటేస్తాను. పాయింట్లు వాడటం మర్చిపోయి పోగొట్టుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఇంకొక్క విషయం, ఇది ఏ నిబంధనల కాగితంలోనూ ఉండదు. 2001లో ప్రెలెక్, సిమెస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. దొరకని బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లకి ఎంత ఇస్తారని అడిగారు. కొందరికి నగదుగా కట్టాలన్నారు, కొందరికి కార్డుతో కట్టాలన్నారు. కార్డువాళ్లు దాదాపు రెట్టింపు ఇస్తామన్నారు. మనం అంత తేడా చూపించకపోవచ్చు. కానీ ఒకటిన్నర శాతం వస్తోంది కదా అని రెండు శాతం ఎక్కువ కొన్నా నష్టమే. కార్డు తీసుకున్న కొత్తలో మూడు నెలలు, మొత్తం ఖర్చు అంతకు ముందుకన్నా పెరిగిందేమో చూసుకోండి. పెరిగితే కారణం వెతకండి. కారణం కనపడకపోతే ఆ కార్డుని కొన్నాళ్లు బీరువాలో పెట్టండి.

సరే, ఇప్పుడు మీ కాగితాలు తీయండి. పెన్సిళ్లు ముందు వరుసలో ఉన్నాయి, వెనక్కి అందించండి. ముందుగా వడ్డీ, ఆలస్య రుసుము అన్న మాటలు ఎక్కడున్నాయో చూసి వాటి చుట్టూ గీత గీయండి. మూడు నెలల్లో ఒక్క గీత పడినా, కొత్త కార్డు మాట పక్కన పెట్టి నా దగ్గరికి రండి, ముందు ఆ బాకీ ఎలా తీర్చాలో చూద్దాం. ఏ గీతా పడనివాళ్లు సరుకులు, మందులు, ప్రయాణాలు, కరెంటు బిల్లు, అద్దె అని విడివిడిగా కూడండి. తొందరేం లేదు, గంట టైముంది.