క్వారీలో కొత్త టిప్పర్: కిలోమీటర్లు కాదు, గంటలు చూడండి

[తెర మీద: టెక్కలి దగ్గర గ్రానైట్ క్వారీ. పూలదండ ఇంకా వాడని కొత్త టిప్పర్ ర్యాంపు దిగుతోంది.]

నమస్కారం. అరసవల్లిలో పూజ అయింది, నిమ్మకాయలు తొక్కించారు, మర్నాడు పొద్దున్నే బండి క్వారీలో ఉంది. టెక్కలి రాయి దగ్గరైనా, అటు విజయనగరం జిల్లాలో గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనుల్లోనైనా ఇదే వరస. వాయిదాల టెన్షన్ ఉన్న ఓనరు నాలుగు ట్రిప్పులు ఎక్కువ వేయమనడం సహజమే. కానీ కొత్త బండికి తొందరగా వచ్చే జబ్బుల్లో చాలావాటికి ఈ మొదటి రోజుల్లోనే బీజం పడుతుంది.

[డ్యాష్‌బోర్డు దగ్గరగా. వేలు అవర్ మీటరు మీద.]

ముందు ఈ అవర్ మీటరు చూడండి. ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చెప్పేది ఇదే. హైవే లారీ పది గంటల్లో మూడు నాలుగు వందల కిలోమీటర్లు పోతుంది. క్వారీ టిప్పర్ అదే పది గంటలు కష్టపడి వంద కూడా దాటకపోవచ్చు. కిలోమీటర్లు చూసి సర్వీసుకి ఇంకా టైముంది అనుకుంటే, ఆయిల్ పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. డెలివరీ రోజునే ‘మాది మైనింగ్ పని’ అని చెప్పి, గంటల లెక్కన సర్వీసులు ఎప్పుడెప్పుడో రాయించుకోండి.

[బొమ్మ: సిలిండరు గోడ, పిస్టన్ రింగులు.]

సిలిండరు లోపల ఫ్యాక్టరీవాళ్లు కావాలనే సన్నటి అడ్డగీతలు పెడతారు. రింగులు వాటి మీద రాసుకుంటూ గోడకు సరిగ్గా ఆనాలి. అలా ఆనాలంటే రింగుల వెనక గ్యాస్ ఒత్తిడి ఉండాలి, అంటే ఇంజిన్‌కి కొంత లోడు పడాలి. అందుకే కొత్త బండి కదా అని మరీ సుతారంగా నడిపినా నష్టమే. ఎక్స్‌కవేటర్ దగ్గర లైన్లో ఏసీ కోసం గంటల తరబడి స్టార్టింగులో ఉంచితే గోడ నున్నబడిపోతుంది, తర్వాత బండి ఆయిల్ తాగుతుంది. బీఎస్6 బండికైతే పొగ ఫిల్టరు కూడా మసితో పూడుతుంది. అలాగని పై గేరులో ర్యాంపు ఎక్కిస్తూ మూలిగించకండి. మొదట్లో సగం నుంచి ముప్పావు లోడు చాలు, గేరు ముందే తగ్గించి ఎక్కండి. ట్రిప్పు దిగగానే కీ తిప్పేయకుండా మూడు నాలుగు నిమిషాలు ఆగితే ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో చల్లబడుతుంది.

[చక్రం. టార్క్ రెంచి.]

ఇక చక్రాల నట్లు. నన్నడిగితే ఇంజిన్ కంటే ముందు భయపడాల్సింది వీటికే. చక్రానికీ హబ్బుకీ మధ్య ఉన్న పెయింటు లోడు పడగానే నలుగుతుంది. నట్టు తిరగకపోయినా బిగువు తగ్గిపోతుంది. 50 నుంచి 100 కిలోమీటర్ల లోపే, బుక్కులో ఇచ్చిన టార్క్‌కి, అంటే అంత బిగింపు బలానికి, ఎదురెదురు నట్ల వరసలో మళ్లీ బిగించాలి. పానాకి పైపు తొడిగి క్లీనర్ ఎక్కి తొక్కితే నట్టు ఎక్కే స్టడ్డు సాగుతుంది, ఏదో ఒక రోజు తెగుతుంది. బిగించాక నట్టు మీంచి రిమ్ము మీదకి పెయింటుతో ఒక గీత గీయండి. గీత తప్పితే నట్టు తిరిగినట్టే. కమాన్ కట్టలను యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులదీ ఇదే కథ: ఆకులు సర్దుకునే కొద్దీ వదులవుతాయి. వదిలేస్తే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ పక్కకి జరుగుతుంది.

కొత్త బ్రేక్ లైనింగులు డ్రమ్ముకి పూర్తిగా ఆనేదాకా దిగుడులో చిన్న గేరు, పొగ దారి మూసి ఇంజిన్‌తోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు వాడండి. గాలి ట్యాంకుల్లో నీళ్లు రోజూ వదలండి.

[ఎయిర్ ఫిల్టర్ డబ్బా, దుమ్ము.]

ఫిల్టరు రోజూ తీసి టైరుకేసి కొట్టడం శ్రద్ధ అనుకునేవాళ్లున్నారు. అది బండి మీద పగ! కాగితం చిరుగుతుంది, తీసిన ప్రతిసారీ రాతిపొడి లోపలికి పోతుంది. ఫిల్టరు పూడిందని చూపే ఇండికేటరు ఎర్రగా చూపితేనే తీయండి. ఫిల్టరు నుంచి టర్బోకి వెళ్లే గొట్టం క్లిప్పులు మాత్రం మొదటి వారంలోనే బిగించి చూడండి.

[కింద ట్రే. యాక్సిల్ ఆయిల్ దిగుతోంది.]

కొత్త రుబ్బురోట్లో మొదట ఊక రుబ్బి పారబోస్తాం కదా, గేర్‌బాక్సు, యాక్సిల్ మొదటి ఆయిల్ కూడా అలాంటిదే. పళ్లు రాసుకున్న ఇనుప పొడంతా అందులోనే ఉంటుంది. అయస్కాంతం ఉన్న డ్రెయిన్ ప్లగ్గు తీసి చూడండి. బూడిదరంగు మెత్తటి ముద్ద ఉంటే మామూలే, తుడిచి పెట్టేయండి. గోటికి తగిలే పలుకులో, పొలుసులో ఉంటే బండి అక్కడే ఆపండి. ప్లగ్గు తుడవకుండా ఫోటో తీసి, కొంచెం ఆయిల్ శుభ్రమైన సీసాలో పట్టి, అవర్ మీటరు ఫోటోతో సహా సర్వీస్ సెంటరుకి పట్టుకెళ్లి వారంటీ కింద గేర్లు విప్పి చూడమనండి.