మెథడ్ పేరు స్ట్రింగ్‌గా వచ్చినప్పుడు

అందరికీ నమస్కారం. మన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణానికి లెక్కల ప్రోగ్రామ్ రాస్తున్నామనుకోండి. స్క్రీన్ మీద కాటా, బిల్లు, చెల్లింపు అని బటన్లు ఉంటాయి. ఏది నొక్కితే దాని పేరు స్ట్రింగ్‌గా, అంటే ఉత్త అక్షరాల వరుసగా, మనకొస్తుంది. ఆ పేరున్న మెథడ్‌ను, అంటే ఆ పని చేసే కోడ్ ముక్కను, నడపాలి.

పైథాన్‌లో గెట్‌ఆట్ర్‌కు ఆబ్జెక్టునూ పేరునూ ఇస్తే మెథడ్ చేతికొస్తుంది. రూబీలో పేరిస్తే మెథడ్‌ను పిలిచే సెండ్ ఉంది. జావాలో పేరుతో మెథడ్‌ను వెతికి పిలిచే రిఫ్లెక్షన్ ఉంది, 1997లో జేడీకే 1.1తో వచ్చింది. అయితే బటన్లు మూడో నాలుగో అయితే ఇవేవీ వద్దంటాను. పేరుకు ఎదురుగా మెథడ్‌నే పెట్టిన డిక్షనరీ చాలు. రేపు మెథడ్ పేరు మార్చినా ఎడిటర్ దాన్ని పట్టుకుంటుంది. స్ట్రింగ్‌లో దాగిన పేరును పట్టుకోలేదు.

మరి పేరుతో పిలవడం ఎక్కడ తప్పదు? ఏయే మెథడ్లు వస్తాయో ముందే తెలియనిచోట. పైథాన్‌లో టెస్టులు నడిపే యూనిట్‌టెస్ట్ చూడండి, మీరు రాయబోయే టెస్టుల పేర్లు దానికేం తెలుసు? 'టెస్ట్' అని మొదలయ్యే పేర్లన్నీ వెతికి నడుపుతుంది.

పైథాన్‌తోపాటే వచ్చే హెచ్‌టీటీపీ సర్వర్ మాడ్యూల్‌ను ఇవాళే తెరిచి చదవండి. బ్రౌజర్ 'గెట్' అని పంపితే దాని ముందు 'డూ_' తగిలించి, 'డూ_గెట్' అనే మెథడ్ ఉందా అని చూస్తుంది. ఉంటే పిలుస్తుంది, లేకపోతే ఆ పని తనకు రాదని చెప్పే 501 ఎర్రర్ ఇస్తుంది. ఎంత చక్కటి ఆలోచనో! బయటివాడు ఏం పంపినా 'డూ_'తో మొదలయ్యే మెథడ్లు దాటి లోపలికి రాలేడు.

ఆ 'డూ_' లాంటి అడ్డు లేకపోతే ఏమవుతుందో రూబీలో తెలుస్తుంది. సెండ్ ప్రైవేట్ మెథడ్లను, అంటే బయటి నుంచి పిలవకూడనివాటిని, కూడా పిలుస్తుంది. యూజర్ పంపిన పేరును నేరుగా దానికిస్తే, ఎవడో 'ఎగ్జిట్' అని పంపి ప్రోగ్రామ్‌నే ఆపేయొచ్చు. పబ్లిక్ మెథడ్లనే పిలిచే పబ్లిక్_సెండ్ వాడితే సరిపోతుందనుకోకండి. ఇచ్చిన స్ట్రింగ్‌ను కోడ్‌గా నడిపే ఇన్‌స్టన్స్_ఇవాల్ కూడా పబ్లిక్ మెథడే. పేరుతోపాటు ఆర్గ్యుమెంట్, అంటే మెథడ్‌కిచ్చే విలువ, కూడా బయటి నుంచే వస్తే, వాడు పంపిన కోడ్ మన సర్వర్‌లో నడుస్తుంది. అందుకే అనుమతించిన పేర్ల జాబితా మన దగ్గరే ఉండాలి. ఈ విషయంలో నేను రాజీపడను.

జావా రాసేవాళ్లకు ఇంకొక మాట. రిఫ్లెక్షన్‌లోని ఇన్‌వోక్‌తో పిలిచిన మెథడ్ లోపల తప్పు జరిగితే మీకు కనిపించేది ఇన్‌వొకేషన్ టార్గెట్ ఎక్సెప్షన్. అసలు తప్పు దాని లోపల ఉంటుంది. గెట్‌కాజ్ పిలిచి, దాన్నే లాగ్‌లో రాయండి.