రంగు ఎందుకు ఆలస్యమైంది?
(కర్నూలులో జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు హైస్కూలు విద్యార్థులు, ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, పత్తికొండ, ఆలూరు, ఆదోని నుంచి పొద్దున్నే బస్సులెక్కి వచ్చిన పిల్లలకు, వాళ్లను వెంటబెట్టుకొచ్చిన అయ్యవార్లకు, టీచరమ్మలకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన సమయం అందులోనే అయిపోతుంది. పెద్దలు మన్నించాలి.

ఇందాక తలపాగా చుట్టుకొని సి.వి.రామన్‌గా వచ్చిన బాబు గొంతు ఖంగుమని పలికింది. ‘1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ కనిపెట్టాను, 1930లో నోబెల్ వచ్చింది’ అన్నాడు. చప్పట్లు కొట్టాం. బాబూ, నీ తప్పేమీ లేదు. మేము నీ చేతికిచ్చిన కాగితంలో అంతకు మించి రాసిలేదు. ఈరోజు నా ఫిర్యాదంతా ఆ కాగితం మీదే.

రామన్, ఆయన శిష్యుడు కె.ఎస్.కృష్ణన్ తొలి ప్రయోగాలు ఎండతో చేశారు. ఎండను కటకంతో ఒకచోటికి చేర్చి, నీలి-ఊదా రంగును మాత్రమే పోనిచ్చే ఫిల్టర్ గుండా సీసాలోని ద్రవంలోకి పంపారు. చూసే కంటికి ముందు, ఆ నీలాన్ని పూర్తిగా ఆపేసే ఇంకో ఫిల్టర్ పెట్టారు. రెండు ఫిల్టర్లనూ ఒకదాని వెనక ఒకటి పెడితే చీకటే కనిపించాలి. మధ్యలో ద్రవం ఉంటే సన్నగా వెలుగు కనిపించింది. అంటే ద్రవంలో కొంత వెలుతురు రంగు మార్చుకుందన్నమాట. దుమ్ము, మలినాలు కూడా ఇలాంటి వెలుగే చూపి మోసం చేస్తాయి, అందుకే ద్రవాలను మళ్లీ మళ్లీ శుద్ధి చేశారు. ఈ నాలుగు ముక్కలూ ఆ బాబుకు చెప్పి ఉంటే తలపాగాతో పాటు రెండు రంగు కాగితాలు కూడా చేత పట్టుకొని వచ్చేవాడు.

నేను చెప్పదలచుకున్నవి రెండు. శాస్త్రవేత్తల గురించి ఎలా చదవాలి, చరిత్ర ఎలా చదవాలి. మొదటిదానికి మన తెలుగువాడినే తీసుకుంటాను.

యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చేతులెత్తండి, ఈ పేరు విన్నవాళ్లు ఎంతమంది? మంచిది. ఆయన చిన్నప్పుడు ఇల్లు వదిలి కాశీకి బయలుదేరిన కథ తెలిసినవాళ్లు? చాలామందే ఉన్నారు. ఆయన కనిపెట్టిన ఫాస్ఫరస్ పరీక్షలో రంగు ఎందుకు వస్తుందో తెలిసినవాళ్లు? చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు. ఉపాధ్యాయుల వరుసలో కూడా లేవలేదు. అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

ఆయన 1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ చేరారు. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేస్తూ చదివారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి కట్టారు. 1925లో అచ్చయింది. పద్ధతి ఇది. రక్తానికి ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లం కలిపితే ప్రోటీన్లు పెరుగులా విరిగి అడుగుకు చేరతాయి. వడకట్టి పైతేట తీసుకోవాలి. దానికి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించిన అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే, తేటలోని ఫాస్ఫేట్ దాంతో జతకడుతుంది. అప్పుడు అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం అనే క్షయకరణి, అంటే ఎలక్ట్రాన్లు అందించే పదార్థం, వేస్తే నీలం రంగు తేలుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. ఎంత ఫాస్ఫేట్ ఉందో ముందే తెలిసిన ఇంకో ద్రావణంతో ఈ రంగును పోల్చి లెక్క కడతారు. రోగుల నమూనాలు పరీక్షించే ప్రయోగశాలల్లో ఈ పద్ధతి దశాబ్దాలు నడిచింది.

ఇక్కడిదాకా ఇది ఒక మంచి పనిముట్టు, అంతే. అసలు విషయం ఇదే పద్ధతిని కండరం మీద వాడినప్పుడు బయటపడింది. రక్తంలో కొద్ది నిమిషాల్లో తేలే నీలం, కండరం నుంచి తీసిన తేటలో నెమ్మదిగా, ఆగి ఆగి వచ్చింది.

పిల్లలూ, ఇక్కడ ఆలోచించండి. మీ ల్యాబ్‌లో రంగు సమయానికి రాకపోతే ఏం చేస్తారు? రికార్డులో రావలసిన రీడింగ్ వేసేస్తారు. వేయమని మేమే చెబుతాం, మార్కులు పోతాయని. వాళ్లు అలా వేయలేదు. రంగు ఎందుకు ఆలస్యమైందని అడిగారు. కండరంలో ఫాస్ఫేట్ విడిగా ఉందనుకున్నది పొరపాటని, అందులో చాలా భాగం కండరంలోనే ఉండే క్రియాటిన్ అనే పదార్థంతో కలిసి ఉందని తేలింది. ఆ బంధం బలహీనమైనది. పరీక్షలో వేసిన ఆమ్లం, మాలిబ్డేట్ దాన్ని మెల్లగా తెంచుతున్నాయి. తెగినకొద్దీ ఫాస్ఫేట్ విడుదలై రంగు ముదురుతోంది. అదీ ఆలస్యానికి కారణం.

అది ఫాస్ఫోక్రియాటిన్. సంవత్సరం 1927. అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థం జాడ పట్టారు, ఆ మాట కూడా పిల్లలకు చెప్పాలి. కండరం పనిచేసేటప్పుడు ఇది తగ్గుతుంది, విశ్రాంతిలో మళ్లీ పెరుగుతుంది. కండరానికి లాక్టిక్ ఆమ్లమే బలమని అప్పటికే నోబెల్ పొందిన పెద్దలు నమ్ముతున్న రోజులవి. 1930లో డెన్మార్క్‌లో లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా ఆపినా కండరం ముడుచుకుంటుందని చూపాడు. ఆ నమ్మకం కూలింది. అంతకు ముందే 1929లో ఫిస్క్, సుబ్బారావు కణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి.ని కూడా వేరుచేశారు. జర్మనీలో లోమాన్ కూడా అదే ఏడు చేశాడు. తర్వాత లెడర్లీ అనే మందుల సంస్థలో ఫోలిక్ ఆమ్లం, పసిపిల్లల రక్త క్యాన్సర్‌ మీద సిడ్నీ ఫార్బర్ వాడిన అమైనోప్టెరిన్, బోదకాలుకు హెట్రజాన్, అవన్నీ మీ పుస్తకంలో ఉన్నాయి. నేను ఆ నీలం రంగు దగ్గరే ఆగుతాను, ఎందుకంటే అది పుస్తకంలో లేదు.

ప్రధానోపాధ్యాయులకు ఒక విన్నపం. ఆ రసాయనాలు బడిలో వద్దు, ప్రమాదం. కానీ రంగు పోల్చి కొలవడం ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. చిటికెడు కూడా అక్కర్లేదు, రెండు మూడు పొటాషియం పర్మాంగనేట్ పలుకులు చాలు. 100 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించండి. ఒకే లావు పరీక్షనాళికలు అయిదు తీసుకొని, ఆ ద్రావణం వరుసగా 10, 8, 6, 4, 2 మిల్లీలీటర్లు పోసి, అన్నిటినీ నీళ్లతో 10కి నింపండి. ఆరో నాళికలో ఎంత కలిపారో పిల్లలకు చెప్పకండి. అడుగున తెల్లకాగితం పెట్టి పైనుంచి చూసి, అది ఏ రెండింటి మధ్య వస్తుందో చెప్పమనండి. ఇందులో తప్పు జరిగే చోట్లు మూడు. నాళికలు ఒకే లావు లేకపోతే అదే 10 మిల్లీలీటర్లు ఒకదాంట్లో ఎత్తుగా, ఇంకోదాంట్లో తక్కువగా నిలుస్తాయి, రంగు లెక్క తప్పుతుంది. ట్యూబులైటు కింద కళ్లు మోసపోతాయి, కిటికీ దగ్గర చూడాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు వాడితే అందులోని మలినాల వల్ల కాసేపటికి రంగు గోధుమకు తిరుగుతుంది. బ్యాటరీలో పోసే శుద్ధి నీళ్లు తెప్పించండి. ఒక బృందానికి మాత్రం కావాలనే బోరు నీళ్లివ్వండి. ‘మా రంగు ఎందుకు మారింది సార్?’ అని వాళ్లే వచ్చి అడుగుతారు. అప్పుడు సుబ్బారావు పేరు చెప్పండి, జన్మలో మరవరు.

సమయం అయిపోతోందని చీటీ వచ్చింది. చరిత్ర మాట మిగిలింది, చెప్పకుండా దిగను.

‘హీలియం – గుంటూరు – జాన్సెన్’ అని ఒక బిట్ ఉంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి సూర్యుడి అంచున జ్వాలల వర్ణపటం చూశాడు, నిజమే. కానీ అందులోని పసుపు గీత సోడియంది కాదని, కొత్త మూలకానిదని తేల్చి చెప్పే వైపు నడిచింది ఇంగ్లండులో లాకియర్. భూమి మీద దాన్ని పట్టుకున్నది రామ్సే, 1895లో. ఇరవై ఏడేళ్ల పనిని మూడు మాటల్లో కుదించి పిల్లల చేతిలో పెడుతున్నాం.

చరిత్రకు మనకు గుంటూరు దాకా పోనక్కర్లేదు. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిని గుర్తించింది ఒక భూగర్భ శాస్త్రవేత్త. అక్కడి చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. బ్రాహ్మీ అనే ఈ లిపిని చదివినవాడు జేమ్స్ ప్రిన్సెప్, కలకత్తా టంకశాలలో లోహాలు పరీక్షించే అధికారి. సాంచి స్తూపం కంచె మీది చిన్న చిన్న రాతలన్నీ అవే అక్షరాలతో ముగుస్తున్నాయని 1837లో గమనించాడు. గుడికి ఇచ్చిన రాతి మీద చివర ఏముంటుంది? ‘దానం’ అని ఉండాలి కదా! ద, న, చుక్క దొరికాయి. ఆ కొస పట్టుకొని మిగతావి లాగాడు. శాసనాల్లో రాజుకు ‘పియదసి’ అన్న పేరుంది. ప్రిన్సెప్ కూడా మొదట ఆ పియదసి అంటే సింహళ రాజు అనుకున్నాడు. అశోకుడేనని సింహళ గ్రంథాల నుంచి టర్నర్ చూపాడు. రాతి మీద ‘అశోక’ అన్న పేరే కనిపించింది 1915లో, మన పొరుగున రాయచూరు జిల్లా మస్కిలో, ఒక బంగారు గనుల ఇంజనీరుకు.

ఎర్రగుడికి పిల్లల్ని తీసుకుపోయేవాళ్లు పొద్దున్నే ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు చేరుకోండి. మిట్టమధ్యాహ్నం పోతే నీడ పడక అక్షరాలు రాయిలో కలిసిపోతాయి, పిల్లలు ‘ఏమీ లేదు సార్’ అని వచ్చేస్తారు. సుద్దముక్కతో అక్షరాలు దిద్దనివ్వకండి, నీళ్లు పోసి రుద్దనివ్వకండి. అది రక్షిత కట్టడం, పైగా రాయి పొర లేస్తుంది. ముందురోజు తరగతిలో నాలుగే అక్షరాలు నేర్పండి. కూడిక గుర్తు ‘క’, నిలువు గీత ‘ర’, తలకిందులు వి ఆకారం ‘గ’, అడుగున అడ్డగీత ఉన్న నిలువు గీత ‘న’. తర్వాత శాసనాల్లో అశోకుడి బిరుదైన ‘దేవానంపియ’, అంటే దేవతలకు ప్రియుడు, అన్న మాట మొత్తం నల్లబల్ల మీద రాసి, గుట్ట మీద అది ఎక్కడుందో వెతకమనండి. దొరికిన చోటు ఫొటో తీసి, ఆ వరుస ఎటు నడుస్తోందో బాణం గీయమనండి.

బ్రాహ్మీ అక్షరాల పట్టిక నకళ్లు తలుపు పక్క బల్ల మీద పెట్టించాను. బడికి ఒకటే వస్తుంది, జిరాక్స్ మీరే తీయించుకోండి. ఆలూరు, పత్తికొండ బస్సులు ముందు కదులుతాయంట, ఆ బడులవాళ్లు మొదట తీసుకోండి.