ఒక్క బాత్రూం, ఇంటినిండా చుట్టాలు

శ్రోతలకు నమస్కారం.

డిసెంబర్ నెల పడిందంటే మెదక్‌లో ఇల్లున్నవాళ్లకి ఫోన్లు మొదలవుతాయి. "ఈసారి క్రిస్మస్‌కి మీ దగ్గరికే వస్తున్నాం" అని. మన మీద ప్రేమతోనే వస్తారు, కాదనను. కానీ ఊళ్లో ఆ చర్చి లేకపోతే ఆ ప్రేమ ఏ ఎండాకాలం సెలవులకో గుర్తొచ్చేది. 1914లో పని మొదలుపెట్టి, 1924 డిసెంబర్ 25న, సరిగ్గా క్రిస్మస్ రోజునే ప్రతిష్ఠ చేసిన చర్చి అది. కరువు రోజుల్లో పాస్నెట్ అనే మిషనరీ దొర జనానికి పని కల్పించి, తిండి పెట్టి కట్టించాడని పెద్దవాళ్లు చెబుతారు. పండగ నాడు అక్కడ తెల్లవారుజామునే మొదటి ఆరాధన. హైదరాబాద్ నుంచి దాదాపు 100 కిలోమీటర్లు. చలిలో, చంటిపిల్లలతో ఆ వేళకి చేరడం అయ్యే పని కాదు కాబట్టి 24 సాయంత్రానికే దిగిపోతారు.

చర్చి కథ మొదలుపెడితే నాకిచ్చిన సమయం దానికే అయిపోతుంది. ఆ రాత్రి చుట్టాలంతా పడుకునే ఇల్లుంటుందే, దాని సంగతి చెప్పాలని వచ్చాను.

మాకు ఆ ఇల్లు మా మేనత్తది. రెండు గదులు, ముందు వరండా, వెనక పెరట్లో రేకు తలుపున్న స్నానాల గది. అంతే. పండగ రాత్రి అందులో ఇరవై మంది దాకా ఉండేవాళ్లం. ఎండాకాలం పెళ్లిళ్లకైతే ఇల్లు చిన్నదన్న బాధే లేదు, చాప చంకన పెట్టుకుని మిద్దె ఎక్కితే సరి. డిసెంబర్ చలికి మిద్దె మీద పడుకునే ధైర్యం ఎవరికుంది? అందరూ ఆ రెండు గదుల్లోనే సర్దుకోవాలి.

సర్దుకుంటారు కూడా. పిల్లలు అడ్డంగా, పెద్దలు నిలువుగా, కాళ్లు తలుపు సందులో పెట్టుకుని ఒకరు. చుట్టాలింట్లో నిద్ర పట్టలేదని చెప్పినవాణ్ణి నేను చూడలేదు. అసలు లొల్లి తెల్లవారుజామున మూడింటికి. ఇరవై మంది, ఒక్క స్నానాల గది. మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే నా మాటలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి: ఇరవై మంది, ఒక్క స్నానాల గది.

మా అత్తమ్మ బడికి పోయింది తక్కువే. కానీ ఆ ఒక్క రాత్రిని స్టేషన్ మాస్టర్ రైళ్లని నడిపినట్టు నడిపేది.

సాయంత్రం ఆరు కాగానే పెరట్లో మూడు రాళ్ల మీద నీళ్ల కాగు ఎక్కేది. మొదట పిల్లలు. "పొద్దుగాల మొకం కడుక్కొని బట్టలేసుకునుడే. తానాలు ఇప్పుడే అయిపోవాలె" అని కేకేసేది. పిల్లల తర్వాత మగవాళ్లు, వాళ్లకీ రాత్రే. రాత్రిపూట స్నానం ఏంటని ఒకసారి మా నాన్న గొణిగితే, "అట్లయితే పొద్దుగాల సల్లనీళ్లే తమ్మీ, నీ ఇష్టం" అంది. ఆయన కిక్కురుమనకుండా తువ్వాలు అందుకున్నాడు. తెల్లవారుజామున మళ్లీ కాగే నీళ్లు ఆడవాళ్లకీ, ముసలివాళ్లకీ మాత్రమే. మూడింటి నుంచి లోపలి గది చీరల గది. అందులో పడుకున్న పిల్లల్ని దుప్పట్లతో సహా ముందు గదిలోకి మార్చేవాళ్లు. ఇక అటువైపు మగపురుగు కనిపించకూడదు.

రాత్రి భోజనాలకు ముందే ఇస్త్రీ బట్టలన్నీ దండెం మీదికి రావాలి. ఒక్కో కుటుంబానిది ఒక్కో చోట. "సంచిలోనే ఉన్నాయి కదత్తమ్మా, పొద్దున తీసుకుంటాం" అంటే ఒప్పుకునేది కాదు. ఎవరి లంగాకో నాడా ఉండదు, ఎవరి చొక్కాకో గుండీ ఉండదు. ఆ సంగతి రాత్రి ఎనిమిదింటికి బయటపడితే సూదీ దారం ఉంది, మూడింటికి బయటపడితే ఏడుపే. చెప్పులు కూడా అంతే, ఏ ఇంటివాళ్లవి ఆ గోనెసంచిలో. చీకట్లో ఒకరివి ఒకరు తొడుక్కుని చర్చికి పోతే, అక్కడి జనంలో వాటిని వెతకడం ఎవరి తరం?

ఇంట్లో ఉన్న ఒక్క మంచం ముసలివాళ్లకి. అది వెనక తలుపు పక్కనే ఉండేది, దిండు కింద టార్చిలైటు. ఇది చాలామంది చేయరు. పెద్దవాళ్లకి మర్యాద అని లోపలి గదిలో, మధ్యలో మంచం వేస్తారు. పాపం ఆ పెద్దాయన, రాత్రి లేస్తే ఎవరిని తొక్కుతానో అని నీళ్లు కూడా తాగకుండా పడుకుంటాడు. ఆ వయసులో మర్యాద కన్నా బాత్రూం దగ్గరగా ఉండటం ముఖ్యమండీ.

ఇంతా చేసి కళ్లు మూతపడ్డాయో లేదో, వీధి చివర గిటారు. క్యారల్స్ వాళ్లు! తలుపు తీయకపోతే బాగుండదు. తీయాలంటే నలుగురిని దాటాలి. అందుకే పెళ్లికాని కుర్రాళ్లంతా తలుపు దగ్గర పడుకోవాలని అత్తమ్మ రూలు. వాళ్లెలాగూ నిద్రపోరు. మర్నాటి బగారన్నానికి ఉల్లిగడ్డలు కోసే పని కూడా వాళ్లదే. పాట అయ్యాక క్రిస్మస్ తాత వేషం వేసినవాడికి టీ పోసి, రెండు గరిజెలు చేతిలో పెట్టి పంపడం దాకా వాళ్ల డ్యూటీ.

వంట మాట వచ్చింది కాబట్టి నా అభిప్రాయం ఒకటి. బగారన్నం, మటన్ కూర వండటం కోసం ఇంటి ఆడవాళ్లు పండగ ఆరాధన పోగొట్టుకోవడం నాకు బొత్తిగా నచ్చదు. అత్తమ్మ దీనికో ఏర్పాటు చేసింది. చర్చిలో పొద్దెక్కాక ఇంకో ఆరాధన ఉంటుంది. సగం మంది మొదటిదానికి, సగం మంది రెండోదానికి. మొదట పోయి వచ్చినవాళ్లు, మగవాళ్లతో సహా, పొయ్యి దగ్గర చేరాలి. అప్పటిదాకా వండినవాళ్లు చీర మార్చుకుని బయల్దేరాలి. దీంతో స్నానాల గది దగ్గర లైను కూడా సగమయ్యేది. రెండో బ్యాచ్‌లో పడ్డామని ఎవరూ అలగక్కర్లేదు కూడా. చర్చిలో రంగు అద్దాల కిటికీలున్నాయి కదా, క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం, ఆ బొమ్మలు బయట వెలుతురు ఉంటేనే కనిపిస్తాయి. చీకట్లో పోయినవాళ్లకి అవి నల్లటి అద్దాలే.

ఇప్పుడు మీలో చాలామంది కాగు, కట్టెలు ఎక్కడివి, మాది అపార్ట్‌మెంట్ అంటారు. లెక్క అదే. ఇళ్లల్లో మామూలుగా ఉండే గీజర్ 15 లీటర్లది. చన్నీళ్లు కలుపుకుంటే రెండు బకెట్ల స్నానపు నీళ్లు వస్తాయి, అంటే ఇద్దరికి. మళ్లీ వేడెక్కడానికి ఇరవై నిమిషాలు. పదిమంది చుట్టాలుంటే, మనిషికి ఒక్క బకెట్ చొప్పున పొదుపుగా పోసుకున్నా గంటన్నర పైనే. ఎవరో ఒక బావగారు షవర్ తిప్పి పాట అందుకున్నారా, లెక్క మొత్తం తారుమారు. అందుకే చెబుతున్నాను, పిల్లలకీ మగవాళ్లకీ స్నానాలు రాత్రే. ఫోన్ ఛార్జర్లకి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు ముందు గదిలో, మనుషులు నడవని మూల పెట్టండి. లేకపోతే చీకట్లో ఆ వైర్లకి తట్టుకుని ఎవరో పడతారు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. పరుపులు, దుప్పట్లు కొనక్కర్లేదు, టెంట్ హౌస్‌లో అద్దెకిస్తారు. కానీ 23న ఫోన్ చేస్తే అప్పటికే అవి ఇంకో ఇంటికి పోయుంటాయి. ఈ వారమే చెప్పి పెట్టుకోండి. తెచ్చిన పరుపుల్ని ఒక పూట ఎండలో వేయండి. పరుపులతో పాటు రెండు పెద్ద నీళ్ల డ్రమ్ములు కూడా అడగండి, 24 రాత్రికే నింపి పెట్టుకోవచ్చు.

నమస్కారం.