మా ఆయన పాటలు వేయడు

హోస్ట్: నమస్కారం. ఇవాళ వచ్చిన అతిథి పేరు చెప్పడం లేదు. చెబితే వాళ్లాయన ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. రేడియోలో ఏళ్ల తరబడి డిస్క్ జాకీగా ఉన్నాయన భార్య. ఆయన్ని నేను అన్నా అంటాను కాబట్టి ఈమె నాకు వదిన. వదినా, మొదటి ప్రశ్న నాది కాదు, మీ చుట్టాలది. "మీ ఆయన ఇంకా ఆ రేడియోలోనేనా?"

వదిన: (నవ్వు) అవును, ఇంకా రేడియోలోనే. ఏ డాక్టర్ని అయినా "ఇంకా ఆ ఆస్పత్రిలోనేనా" అని అడుగుతారా ఎవరైనా?

హోస్ట్: డాక్టర్ ప్రాణాలు కాపాడతాడు కదా వదినా, అన్న పాటలు వేస్తాడు. అంటే... జనం అలా అంటారు. నేననడం లేదు.

వదిన: నువ్వే అన్నావులే. సరే, అక్కణ్ణించే మొదలుపెడదాం. మా ఆయన పాటలు వేయడు.

హోస్ట్: అదేంటి!

వదిన: చాలా స్టేషన్లలో ఏ పాట ఎప్పుడు రావాలన్నది జాకీ చేతుల్లో ఉండదు. ఆ సంగతి చూడ్డానికి వేరే మనిషి ఉంటారు. వాళ్లు షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌లో రూల్స్ పెడతారు. ఒకే గాయకుడి పాటలు వెంటవెంటనే రాకూడదు, నెమ్మది పాటలు వరసగా పడకూడదు, కొత్త హిట్ ఎన్ని గంటలకోసారి తిరగాలి, ఇలాంటివి. ఈయన స్టూడియోలోకి వెళ్లేసరికి లిస్టు రెడీగా ఉంటుంది. పాటలు వేస్తాడు అని తీసిపారేసేవాళ్లు, ఆయన చేయని పనిని పట్టుకుని ఆయన్ని అంటున్నారన్నమాట.

హోస్ట్: ఒకప్పుడు వాళ్లే ఎంచుకుని వేసేవాళ్లు కదా?

వదిన: వేసేవాళ్లు. అది పోవడానికి ఓ కారణం డబ్బు. 1950లలో అమెరికాలో రికార్డు కంపెనీలు తమ పాట వేయమని జాకీలకి చాటుగా డబ్బిచ్చేవి. పేయోలా అనేవారు దాన్ని. 1959లో అది పెద్ద గొడవై చట్టసభ విచారణ దాకా వెళ్లింది. రాక్ అండ్ రోల్‌ని జనంలోకి తీసుకెళ్లిన జాకీ ఆలన్ ఫ్రీడ్ ఉద్యోగం కూడా ఆ గొడవలోనే పోయింది. 1960లో చట్టం మార్చారు. డబ్బు పుచ్చుకుని పాట వేస్తే ఆ సంగతి శ్రోతలకి చెప్పి తీరాలి. దాంతో స్టేషన్లకి భయం పట్టుకుంది, పాటల ఎంపిక జాకీల చేతుల్లోంచి ఇంకా జారిపోయింది. అక్కడెవరో తిన్నదానికి, ఇక్కడ మా ఆయన తనకి నచ్చిన పాట వేసుకోవాలంటే ఇంకొకర్ని అడగాలి.

హోస్ట్: పాటలు ఆయన ఎంచుకోడు, కంప్యూటరే ప్లే చేస్తుంది. మరి జీతం దేనికి?

వదిన: మధ్యలో ఉన్నదానికి. పాట మొదలయ్యాక గాయకుడు అందుకునే లోపు కాసేపు వాయిద్యాలుంటాయి చూడు, అది ఇంట్రో. స్క్రీన్ మీద సెకన్లు వెనక్కి లెక్కపడుతుంటాయి. 14, 13, 12. ఆ కాస్త టైంలో గంటెంతైందో చెప్పాలి, ఏ రోడ్డు మీద బళ్లు ఆగిపోయాయో చెప్పాలి, మెసేజ్ పెట్టిన మనిషి పేరు చదవాలి, వీలైతే ఓ చిన్న జోకు. ఆయన చివరి మాట పూర్తవడం, గాయకుడి గొంతు అందుకోవడం, రెంటికీ మధ్య సందు ఉండకూడదు. ఒక్క సెకను ఎక్కువైతే పాట మీద పడిపోయినట్టే. దీన్ని వాళ్లు పోస్ట్ కొట్టడం అంటారు. ఒకసారి వెనక కుర్చీలో కూర్చుని చూశాను. హెడ్‌ఫోన్ ఒక చెవికే ఉంది, రెండోది వదిలేశాడు. ఒక చెయ్యి ఫేడర్ మీద, అంటే శబ్దం పెంచీ తగ్గించే మీట మీద. అంకెల వంక చూస్తాడేమో అనుకున్నాను, అస్సలు చూడడే! ఏదో కాగితం చదువుతూ మాట్లాడుతున్నాడు. సరిగ్గా పాట అందుకోగానే మైక్ ఆపేసి, నా వైపు తిరిగి "ఏసీ ఎక్కువైందా?" అన్నాడు.

హోస్ట్: (నవ్వు) ఎప్పుడూ గురి తప్పదా?

వదిన: తప్పుతుంది. ఆ రోజు ఇంటికొచ్చి భోజనం దగ్గర కూడా దాని గురించే. పాట మీద పడితే పర్వాలేదుగానీ, వీళ్లకి అసలు టెన్షన్ డెడ్ ఎయిర్. ఏ శబ్దం లేకుండా గాలి ఖాళీగా పోవడం. కాసేపు నిశ్శబ్దం ఉంటే అలారం మోగే ఏర్పాటు చాలా స్టేషన్లలో ఉంటుంది. వినేవాడు అంతకన్నా ముందే స్టేషన్ మార్చేస్తాడనుకో.

హోస్ట్: అంటే ఖాళీ నింపే ఉద్యోగం. కోప్పడకండి, మీరన్నదే అంటున్నాను.

వదిన: కోపమెందుకు, మొదట్నుంచీ అంతే. బీబీసీలో క్రిస్టఫర్ స్టోన్ అనే ఆయన 1927లోనే రికార్డులు వేస్తూ కబుర్లు చెప్పినట్టు మాట్లాడేవాడు. నాకు ఇష్టమైనది మాత్రం మార్టిన్ బ్లాక్ అనే రేడియో అనౌన్సర్ కథ. 1935, న్యూయార్క్. పేరుమోసిన పైలట్ లిండ్‌బర్గ్ గారబ్బాయి కిడ్నాప్ కేసు కోర్టులో నడుస్తోంది. స్టేషనంతా ఆ వార్తల కోసం కాచుకుని ఉంది. బులెటిన్‌కీ బులెటిన్‌కీ మధ్య ఏం చేయాలి? బ్లాక్ రికార్డులు పెట్టాడు. ఊరికే పెట్టలేదు, తనేదో పెద్ద డ్యాన్స్ హాల్లో ఉన్నట్టు, ఆర్కెస్ట్రా ఎదురుగానే వాయిస్తున్నట్టు మాట్లాడాడు. చిన్న గదిలో ఒక్కడే కూర్చుని! ఆ షో ఏళ్ల తరబడి నడిచింది. ఖాళీ నింపడం అంత తేలికైతే వార్తలొచ్చాక ఆయన్ని మర్చిపోయేవాళ్లు.

హోస్ట్: సరే, ఇంటి సంగతి. అన్నది పొద్దుటి షో.

వదిన: అలారం తెల్లారకముందే. రాత్రి ఎనిమిదైతే నిద్ర. ఎవరింట్లో ఫంక్షన్ అయినా సాయంత్రం నేనొక్కదాన్నే వెళ్తాను, "ఆయన రాలేదా" అని అందరూ అడుగుతారు. అందరికీ సెలవైన రోజున ఈయనకి స్పెషల్ షో. అది కష్టం కాదని నేను చెప్పను.

హోస్ట్: ఇంట్లో బాగా మాట్లాడతాడా?

వదిన: మాట్లాడతాడు. పదిహేను సెకన్లు దాటడు.

హోస్ట్: (నవ్వు) మరి పైకి ఎదగలేదనే మాటకి ఏమంటారు? ఆయన తర్వాత చేరినవాళ్లు మేనేజర్లయ్యారు.

వదిన: ఈయన్నీ చేశారు. కొన్నాళ్లు మీటింగుల్లో కూర్చుని, మళ్లీ మైక్ దగ్గరికే వెళ్తానన్నాడు. జీతం తగ్గింది, నాకూ మొదట్లో నచ్చలేదు. కానీ చూడు, హాంకాంగ్‌లో రే కొర్డేరో అని ఉండేవాడు. 1949లో రేడియోలో చేరి, 2021లో తొంభై ఆరేళ్ల వయసులో ఆపేశాడు. ఆయన్ని ఎదగలేదంటారా? బ్రిటన్‌లో జాన్ పీల్ బీబీసీ రేడియో వన్‌లో 1967 నుంచి 2004లో పోయేదాకా అదే స్టేషన్. ఎవరూ వినని బ్యాండ్‌లని వినిపించడమే ఆయన పని. ఆయనకి లిస్టు ఇచ్చేవాళ్లు లేరులే, అది వేరే అదృష్టం.

హోస్ట్: అన్న కుళ్లుకుంటాడా?

వదిన: చాలా. (నవ్వు) అసలు ఇన్నేళ్లు ఉన్నందుకు లాభమేంటో నేను చూశాను. ఓ లారీ డ్రైవరు, ఎప్పటినుంచో వినేవాడు, ఫోన్ చేసి తిట్టాడు. ఏదో రోడ్డు పేరు ఈయన తప్పు పలికాడట. "ఇన్నేళ్లుగా వింటున్నాను, నువ్వు కూడా ఇలా చెబితే ఎలా" అని. కొత్త కుర్రాడు చెప్పుంటే ఆయన ఫోన్ చేసేవాడా? స్టేషన్ మార్చేసేవాడు.

హోస్ట్: ఇప్పుడు గొంతులే కంప్యూటర్లు తయారు చేస్తున్నాయి కదా.

వదిన: అంతకుముందే వాయిస్ ట్రాకింగ్ ఉంది. మాటలు ముందే రికార్డు చేస్తే సాఫ్ట్‌వేర్ పాటల మధ్యలో పెట్టేస్తుంది. గంటల షో కాసేపట్లో అయిపోతుంది. ఆదివారాలకి ఈయనా చేస్తాడు, నాకు హాయి. కానీ శనివారం రికార్డు చేసిన గొంతు ఆదివారం కుండపోత వాన పడుతుంటే "ఎండ బాగుంది, బయటికెళ్లండి" అంటుంది. అయినా ఏఐ దీన్ని మించిపోయింది. 2024లో పోలెండ్‌లోని క్రాకోవ్‌లో ఓ స్టేషన్ మనుషుల్ని పక్కనపెట్టి ఏఐ హోస్టుల్ని పెట్టింది. పెద్ద గొడవైంది, వారానికే ఆపేశారు.

హోస్ట్: అన్న దాకా వచ్చిందా?

వదిన: వచ్చింది. కొత్త కాంట్రాక్టులో ఒక లైను పెట్టారు, ఆయన గొంతుని ఏ రూపంలోనైనా వాడుకోవచ్చని. ఈయన "చూద్దాంలే" అని సొరుగులో పెట్టాడు. నేను తీసుకెళ్లి లాయర్‌కి చూపించాను. ఏ షోకి, ఎంత కాలానికి, ఎంత డబ్బుకి, ఈయన మానేస్తే ఎప్పుడు ఆపేస్తారు, ఇవన్నీ రాయమని అడగమన్నారు. అవి రాసేదాకా సంతకం లేదు.

హోస్ట్: వాళ్లు ఒప్పుకోకపోతే?

వదిన: ఒప్పుకోకపోతే రోజూ పొద్దున్నే వెళ్లి మాట్లాడతాడు. దానికేగా జీతమిస్తున్నారు.