చిత్తూరా, పుత్తూరా?

శ్రోతలకు నమస్కారం.

తిరుపతి బస్టాండులో తికమక పెట్టే ఊళ్ల పేర్లు రెండున్నాయి. చిత్తూరు, పుత్తూరు. పేరులో మొదటి అక్షరమే తేడా. దారులు మాత్రం వేరు. ఒకటి చంద్రగిరి మీదుగా పోతుంది, ఇంకొకటి నగరి వైపు.

పోయినేడు ఒక సాయంత్రం మా అమ్మ పుత్తూరు పోవాలని బస్టాండుకు వచ్చింది. బస్సు నెత్తిన ఎల్‌ఈడీ బోర్డులో అక్షరాలు పరుగెత్తుతున్నాయి. ఆమె తలెత్తేసరికి మొదటి అక్షరం వెళ్లిపోయింది, ‘త్తూరు’ మాత్రం కనిపించింది. ఎక్కేసింది. అది చిత్తూరు బస్సని కండక్టర్ టికెట్ కొట్టేటప్పుడు తెలిసింది, అప్పటికే బస్సు ఊరు దాటిపోయింది. ఇంటికొచ్చాక ‘నాకు చదవడం సరిగా రాదు గదా నాయనా’ అంది. రోజూ పేపరు చదివే మనిషి! ఆ మాట నాకింకా బాధగానే ఉంది.

ఈ బోర్డులు చెడ్డవని నేననను. రేకు బోర్డు చీకట్లో కనిపించదు, బస్సు తిరుగు ప్రయాణంలో దాన్ని చేత్తో మార్చాలి. ఇప్పుడు డ్రైవర్ దగ్గర బటన్ నొక్కితే చాలు. చిక్కంతా మన లిపి దగ్గర వస్తుంది. ఇంగ్లీషు పెద్దక్షరానికి 7 వరసల చుక్కలు సరిపోతాయి. తెలుగుకు పైన గుడి, కింద వత్తు ఉంటాయి. ‘శ్రీకాళహస్తి’ రాసి చూడండి. 16 వరసలున్నా ఇరుకే. వరసలు తక్కువైతే వత్తు చుక్కలా నలిగిపోతుంది. పేరు వెడల్పుకు పట్టకపోతే పరుగెత్తిస్తారు.

చేరే ఊరి పేరు పెద్దగా, కదలకుండా ఉండాలి. మధ్య ఊళ్లు కావాలంటే కింద నడవనీయండి. తిరుపతికి తమిళ, కన్నడ యాత్రికులు ఎందరో వస్తారు కాబట్టి భాషలు మారాల్సిందే. కానీ ఒక్కో భాషలో పేరు తాపీగా చదువుకునేంత సేపు నిలవాలి. చూపు లేనివారికి ఏ బోర్డూ చాలదు, బస్సు ఆగగానే ఊరి పేరు వినిపించాలి. దివ్యాంగులకు రవాణా అందుబాటులో ఉండాలని 2016 నాటి చట్టమే చెబుతోంది.

పేరు ఆగాలా, పరుగెత్తాలా అన్నది బోర్డులోకి ఎక్కించే ఫైలులో పెట్టే సెట్టింగు. దాన్ని మార్చడానికి కొత్త బోర్డు కొనక్కర్లేదు. ఆ ఫైలు తయారుచేసేవారు ఒక సాయంత్రం బస్టాండుకు వచ్చి, 20 అడుగుల దూరంలో నిలబడి ‘పుత్తూరు’ చదివి చూడాలని నా మనవి.

సెలవు.