స్టవ్ మీద తయారయ్యే ఇంజెక్షన్

వేదిక మీదున్న పెద్దలకు, వ్యాయామశాల కమిటీ సభ్యులకు, తెల్లవారకముందే వచ్చి బరువులెత్తే పిల్లలకు నమస్కారం. నాకిచ్చిన అంశం 'యువత, వ్యాయామం'. దానికోసం రెండు పేజీలు రాసుకొచ్చాను. టైముంటే చివర్లో చదువుతాను. ముందు వేరే విషయం మాట్లాడాలి.

నేను పైడిభీమవరంలో ఇంజెక్షన్లు తయారుచేసే విభాగంలో పనిచేసి రిటైరయ్యానని మీకు తెలుసు. అది తెలిసే ఈమధ్య కుర్రాళ్లు నన్ను పక్కకి పిలిచి అడుగుతున్నారు: "మావయ్యా, నూనె ఎక్కువ వేడెక్కిపోతే మందు పవర్ పోతుందా?" అంటే కండలు పెంచే స్టెరాయిడ్ పొడి కొరియర్లో తెప్పించి, ఇంట్లో నూనెలో కలిపి, స్టవ్ మీద వేడిచేసి, సిరంజిలో ఎక్కించుకుంటున్నారన్నమాట. విజయనగరంలో, మన ఇళ్లల్లో!

ఆ ప్రశ్నకి ఇక్కడే జవాబు చెబుతాను. నూనె మరీ కాగితే చెడిపోతుంది, మాడువాసన వస్తుంది, కండలో పడితే మంట పుట్టిస్తుంది. అందులో కలిపే ద్రవాల ఆవిరికి మంట అంటుకునే ప్రమాదమూ ఉంది. అలాగని మంట తగ్గిస్తే క్రిములు మిగిలిపోతాయి. నీళ్లు మరిగే వేడికి కూడా చావని క్రిములున్నాయి బాబూ, వాటి బీజాలు గట్టిగా తట్టుకుంటాయి. చచ్చిన క్రిములు వదిలే విషం మరగబెట్టినా పోదు, ఒంట్లోకి వెళ్తే చలిజ్వరం తెప్పిస్తుంది. మీరు వేడి గురించి అడుగుతున్నారు. మరి ఆ పొడి ఏమిటి? మీరు అనుకుంటున్న మందేనా? ఎంత శాతం? అందులో ఇంకేం కలిపారు? ఇది ఒక్కరూ అడగరేం?

మా దగ్గర ఎలా ఉండేదో చెప్తాను. తల నుంచి పాదం దాకా గౌను, మాస్కు, రెండు జతల గ్లవ్స్. గాలి కూడా ఫిల్టర్లోంచే రావాలి. ఒక్కరు దగ్గినా రాసుకునేవాళ్లం. ఇంత చేశాక కూడా ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని సీసాలు తీసి 14 రోజులు పరీక్షలో పెట్టి, ఏ క్రిమీ పెరగలేదని తేలితేనే బయటకి పంపేవాళ్లం. 14 రోజులు! స్టవ్ ఆపిన గంటకే పొడుచుకునేవాడికి ఏ పరీక్ష ఉంది?

మా వీధిలో ఒక గుంటడున్నాడు. పేరు చెప్పను. తండ్రి జూట్ మిల్లు కార్మికుడు. ఆర్మీ ర్యాలీకి తయారవుతున్నాడు. ర్యాలీలో 1.6 కిలోమీటర్లు పరిగెత్తాలి. ఒళ్లు పెంచుకుంటే పరుగు పెరుగుతుందా? ఆ ముక్క వాడికి చెప్పినవాడు లేడు. జిమ్‌లో ఒకడు సీసా ఇచ్చాడు, "నేనే వండాను, క్లీన్‌గా ఉంటుంది" అన్నాడట. వండాడట! తుంటి మీద గట్టిపడింది, ఎర్రబడింది, జ్వరం. వాళ్లమ్మకి బండి మీంచి పడ్డానన్నాడు. డాక్టరుకీ అదే చెప్పాడు. పాపం ఆయన దెబ్బ అనుకుని దానికే మందులిచ్చాడు. చివరికి కోసి చీము తీశారు. ఆ గుంత పూడడానికి నెలలు పట్టింది. ర్యాలీ అయిపోయింది. సీసా ఇచ్చినవాడు మాత్రం "వీడు సరిగ్గా పొడుచుకోలేదు" అని ఇప్పటికీ తలెత్తుకు తిరుగుతున్నాడు. ఆ తల్లి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నన్ను అడిగిన మాట, "అన్నయ్యా, మా ఇంట్లో గిన్నెలోనే చేశారా?" అని. నేనేం చెప్పాలమ్మా?

కమిటీవారూ, మిమ్మల్ని నిలదీస్తున్నాను. ఆ సీసా ఇచ్చినవాడు మన వ్యాయామశాలకీ వస్తాడు. వస్తాడా రాడా, చెప్పండి.

మన నేల బలానికి ఇలాంటి సీసాలు ఎప్పుడు కావలసొచ్చాయి? వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి గారి పేరు ఈనాటికీ చెప్పుకుంటున్నాం. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలెత్తి ఒలింపిక్ కాంస్యం తెచ్చింది. మన నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ సంగతి మీకు నేను చెప్పాలా? ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్‌లో మూడోస్థానంలో నిలిచింది. మొదటిస్థానంలో వచ్చిన నైజీరియా అమ్మాయి నిషేధించిన మందులు వాడినట్టు డోప్ పరీక్షలో దొరికిపోయింది. పతకం వెనక్కి తీసుకున్నారు, సంతోషికి రజతం వచ్చింది. దొరికిన అమ్మాయి వయసు 16 ఏళ్లు. నాకు సంతోషిని చూస్తే గర్వం, ఆ పిల్ల గురించి తల్చుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఆమెకి ఆ మందులు ఇచ్చిన పెద్దవాళ్లెవరో!

రాసుకొచ్చిన పేజీలు ఇక వదిలేస్తున్నాను.

వెనక వరుసలో కూర్చున్న తమ్ముళ్లూ, ఇది వినండి. ఈ స్టెరాయిడ్లు మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ లాంటివే. దాన్ని బయటి నుంచి ఎక్కిస్తే మెదడు 'ఇక అవసరం లేదు' అనుకుని వృషణాలకి కబురు ఆపేస్తుంది. అవి చిన్నవవుతాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి. పెళ్లయ్యాక పిల్లల కోసం తిరిగేటప్పుడు ఈ సంగతి గుర్తుకొస్తుంది. రక్తం చిక్కబడుతుంది, మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, గుండె గోడలు మందమవుతాయి. మగపిల్లలకి రొమ్ములు పెరుగుతాయి. నూనె పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే ఊపిరితిత్తుల్లో చేరి, ఆగని దగ్గు, ఆయాసం.

ఇప్పటికే వేసుకుంటున్నవాళ్లు ఉంటే తిట్టను. ఆపాలని ఉన్నా ఆపితే నీరసం, దిగులు వస్తాయని భయపడుతున్నారు కదా, అది నిజమే. హార్మోన్ల డాక్టరుంటారు, వెళ్లండి. సూది వేసుకున్నచోట ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. బండి మీంచి పడ్డానని చెప్పకండి. సీసా జేబులో పెట్టుకెళ్లి టేబుల్ మీద పెట్టండి.

కమిటీవారికి ఒక్కటే అడుగుతున్నాను: ఈ నెల మీటింగ్‌లో సిరంజితో దొరికినవాడికి, అమ్మినవాడికి ఈ గేటు మూసేస్తామని తీర్మానం రాసి, తలుపు మీద అతికించండి. సంతకం మొదట నేను పెడతాను.